చేపల పంజరం, సాగర్ నీళ్ళు

సాల్మన్ అనే చేప పేరు ఈ మధ్య మన పిల్లల నోళ్ళల్ల బాగ నానుతున్నది. అమెరికాల ఉన్నోళ్ళు వీడియో కాల్ చేసి పళ్ళెంల నారింజ రంగు ముక్క చూపిస్తరు. హైదరాబాదు దుకాణాలల్ల కూడ మంచుగడ్డ లెక్క బిగిసిన ముక్కలు అమ్ముతున్నరు. "తాతా, ఇది సముద్రంల పట్టిన చేపనా, పెంచిన చేపనా?" అని మా మనవరాలు అడిగింది. మంచి ప్రశ్న. దుకాణంల కనబడే అట్లాంటిక్ సాల్మన్ దాదాపు అంత పెంచిందే బిడ్డా. ఆ నారింజ రంగు కూడ మేతలోంచి వచ్చిందే. అడవి సాల్మన్ చిన్న చిన్న రొయ్యల జాతి పురుగులను తింటది, వాటిలోని అస్టాజాంథిన్ అనే పదార్థం దాని కండకు ఆ రంగు ఇస్తది. పెంచిన చేపకు ఆ పదార్థాన్ని మేతల కలుపుతరు. కలపకపోతే ముక్క తెల్లబారి ఉంటది.

నల్లగొండ, పాలమూరు జిల్లాలల్ల పుట్టి పెరిగినోళ్ళకు సముద్రపు చేప ముచ్చట ఎందుకని అనుకోవద్దు. సముద్రం మనకు దూరమే. గానీ సాల్మన్ పెంచే పద్ధతి, అంటే నీళ్ళల్ల వల పంజరం తేలేసి అండ్ల చేపలను మేపే పద్ధతి, మన జలాశయాలకు కూడ వచ్చింది. దాన్ని కేజ్ కల్చర్ అంటున్నరు. కరీంనగర్ దిక్కు దిగువ మానేరుల పంజరాలు వేసిన్రు. 2020ల మొదలైన కేంద్ర ప్రభుత్వ మత్స్య సంపద పథకంల జలాశయాల పంజరాలకు రాయితీ ఉన్నది. ఆంధ్ర తీరంల అయితే ఇంకా ముందే, 2007ల, విశాఖపట్నం కాడ బంగాళాఖాతంల సముద్రపు పంజరం దించి పండుగప్పను పెంచి చూసిన్రు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చేసిన పని అది. దేశంల అసొంటి ప్రయత్నానికి అదే మొదలు. అందుకే సాల్మన్ కథ మనం ముందుగాల తెలుసుకోవాలె. యాభై ఏండ్ల నుంచి పంజరాలు వేసిన దేశాలు ఏం చూసినయో తెలిస్తే, మన నాగార్జునసాగర్‌ల, మన కోయిల్‌సాగర్‌ల ఏం చూసుకోవాల్నో తెలుస్తది.

అడవి సాల్మన్ చల్లటి ఏటి నీళ్ళల్ల గులకరాళ్ళ నడుమ పుడతది, పెద్దగైనంక సముద్రానికి పోతది, గుడ్లు పెట్టే కాలానికి మల్ల పుట్టిన ఏటికే ఎదురెక్కి వస్తది. మన గోదావరిల పులస కూడ సముద్రం నుంచి ఏటికి ఎక్కే చేపే కదా. ఈ సాల్మన్ పెంపకం సంగతికి వస్తే, నార్వే దేశంల హిత్రా అనే దీవి కాడ 1970ల గ్రోంట్‌వెట్ అనే ఇంటిపేరున్న అన్నదమ్ములు పంజరంల సాల్మన్‌ను పెంచి నిలదొక్కుకున్నరు. కొండల నడుమకు సముద్రం చొచ్చుకొచ్చిన ఇరుకు పాయలు ఆ దేశానికి మస్తుగ ఉన్నయి. గాలివాన తగలదు, లోతు ఉంటది, నీళ్ళు చల్లగ ఉంటయి. ఇయ్యాల నార్వే ఒక్కటే ఏటా సుమారు 15 లక్షల టన్నుల సాల్మన్ పెంచుతున్నది.

ఇగ అసలు సంగతికి వస్తా. పంజరం అంటే వలనే. వలకు గట్టి గోడ లేదు, గట్టి అడుగు లేదు. లోపల పోసిన మేతల చేప తిన్నది చేప కండ అయితది. తినకుండ మిగిలింది, తిని విసర్జించింది, మొప్పల్లోంచి అమ్మోనియాగ బయటికి వదిలింది, అంత చుట్టున్న నీళ్ళల్లకే పోతది. చేప ఒకరిది, నీళ్ళు అందరివి. ఎంత పోతదో లెక్క కట్టి చూద్దం. కాగితం, పెన్సిల్ తీసుకోండ్రి.

మన జలాశయాల పంజరాలల్ల ఎక్కువగ పంగస్, తిలాపియా పెంచుతరు. ఒక టన్ను చేప తయారు కావాలంటే సుమారు టన్నున్నర మేత పడతది అనుకుందం. ఆ మేతల మాంసకృత్తులు నూటికి 28 పాళ్ళు ఉంటే, టన్నున్నరల 420 కిలోలు. మాంసకృత్తుల ఆరోవంతు కంటే కొద్దిగ తక్కువ నత్రజని, అంటే సుమారు 67 కిలోలు. టన్ను చేప ఒంట్ల నిలిచేది ఇరవై అయిదు, ముప్పై కిలోల నడుమ. మిగిలిన సుమారు 40 కిలోల నత్రజని నీళ్ళ పాలు. భాస్వరం చూద్దం. మేతల నూటికి ఒక పాలు అనుకుంటే 15 కిలోలు. చేప ఒంట్ల నిలిచేది నాలుగైదు కిలోలు. మిగిలింది సుమారు 10 కిలోలు.

ఈ అంకెలు మీ నాయిన చేన్ల వేసే బస్తాల లెక్కల చెప్పుకుందం. యాభై కిలోల డీఏపీ బస్తాల ఉండే అసలు భాస్వరం సుమారు 10 కిలోలు. అండ్ల నత్రజని 9 కిలోలు. నలభై అయిదు కిలోల యూరియా బస్తాల నత్రజని దగ్గర దగ్గర 21 కిలోలు. అంటే పంజరంల ఒక టన్ను చేప పెంచితే ఒక డీఏపీ బస్తా, ఒకటిన్నర యూరియా బస్తా జలాశయంల కుమ్మరించినట్టు. పంజరాలు వంద ఉండి, ఒక్కొక్కటి ఏడాదికి మూడు టన్నులు ఇస్తే, 300 డీఏపీ బస్తాలు, 450 యూరియా బస్తాలు. చేన్ల వేసిన ఎరువును మొక్క తీసుకుంటది. నీళ్ళల్ల పడ్డ ఎరువును ఎవరు తీసుకుంటరు? పాచి తీసుకుంటది. ఒక కిలో భాస్వరం, పరిస్థితులు కుదిరితే, 500 కిలోల దాక పచ్చి పాచిని పెంచగలదని నీటి శాస్త్రజ్ఞులు చెప్తరు.

సముద్రంల ఈ బస్తాలు అలల తోటి, ఆటుపోట్ల తోటి కొంత దూరం కొట్టుకపోతయి. గట్టిగ నీళ్ళు పారే చోట పంజరం వేస్తే నష్టం తక్కువ. నీళ్ళు నెమ్మదించిన చోట మాత్రం విసర్జనలు పంజరం కిందనే పేరుకుంటయి. నార్వేల, స్కాట్లండ్‌ల సముద్రపు అడుగు చూసినోళ్ళు నల్లటి బురద, కుళ్ళిన గుడ్ల వాసన, మీద తెల్లటి సూక్ష్మజీవుల పొర చూసిన్రు. అక్కడ అంతకుముందు ఉన్న నత్తలు, నక్షత్ర చేపలు పోయి, ఆక్సిజన్ లేకున్నా బతికే ఒకటి రెండు జాతుల పురుగులే మిగులుతయి. అందుకే నార్వేల ఒక పంట చేప తీసినంక ఆ చోటును కనీసం రెండు నెలలు ఖాళీగ పెట్టాలని నియమం ఉన్నది. మన రైతు చేనును ఎండకాలం బీడు పెట్టినట్టే. చోటుకు ఊపిరి తీసుకునే సమయం కావాలె గదా.

జలాశయం సముద్రం కాదు. దానికి కట్ట ఉన్నది, గేట్లు ఉన్నయి, పోసింది చానా కాలం అండ్లనే ఉంటది. ఇంకొక తేడా కూడ ఉన్నది, దాన్ని మన దగ్గర చానామంది గమనించరు. నాగార్జునసాగర్ నిండితే 590 అడుగులు. సాగు, తాగునీటి లెక్కల ప్రకారం కనీస మట్టం 510 అడుగులు. అంటే ఒక ఏడాదిల నీటి మట్టం ఎనభై అడుగుల దాక కిందికి మీదికి కావొచ్చు. సెప్టెంబరుల అరవై అడుగుల లోతుల తేలిన పంజరం మే నెల వచ్చేసరికి బురదల కూర్చోవచ్చు. నీళ్ళు తగ్గుతున్న కొద్దీ అదే మేత, అదే విసర్జన, తక్కువ నీళ్ళల్ల కలుస్తది. కోయిల్‌సాగర్, డిండి అసొంటి చిన్న ప్రాజెక్టులల్ల అయితే ఎండకాలం వచ్చేసరికి నీళ్ళు అడుగంటుతయి. కోయిల్‌సాగర్ నిండు కుండ అయినా సుమారు రెండుంబావు టీఎంసీలే పడతయి.

ఇక్కడ వేడి సంగతి కూడ కలుస్తది. చల్లటి నీళ్ళల్ల ఆక్సిజన్ ఎక్కువ కరుగుతది, వెచ్చటి నీళ్ళల్ల తక్కువ. పది డిగ్రీల మంచినీళ్ళల్ల లీటరుకు పదకొండు మిల్లీగ్రాముల దాక పడతది. ముప్పై డిగ్రీల నీళ్ళల్ల ఏడున్నర. చల్లటి దేశపు మంచినీళ్ళకు, మన నల్లగొండ ఎండకాలపు నీళ్ళకు పుట్టుకతోనే ఇంత తేడా. పగటి పూట పాచి ఎండల ఆక్సిజన్ వదులుతది, గానీ రాత్రి అదే పాచి ఆక్సిజన్ పీల్చుకుంటది. అందుకే నీళ్ళల్ల ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉండేది తెల్లారగట్ల. పాచి బాగ పెరిగిన చెరువుల మబ్బు పట్టిన రోజు తర్వాత తెల్లవారు జామున చేపలు మూతులు మీదికి పెట్టి గుటకలు వేస్తుంటయి. మన బెస్తోళ్ళు, ముదిరాజ్‌లు ఆ తీరు చూసి, ఇగ చేపలు ఆగవని ముందే చెప్పగలుగుతరు. మామూలు చేప అయితే ఈదుకుంట మంచి నీళ్ళున్న దిక్కుకు పోతది. పంజరంల ఉన్నది ఎటు పోతది?

ఇంకొకటి, లోతైన జలాశయంల ఎండకాలం నీళ్ళు పొరలు పొరలుగ విడిపోతయి. మీది పొర వెచ్చగ, తేలికగ ఉంటది. కింది పొర చల్లగ, బరువుగ ఉండి మీదికి రాదు, గాలి తగలదు. పైనుంచి పడ్డ మేత, మలం కుళ్ళుతుంటే కింద ఉన్న ఆక్సిజన్ అయిపోతది. ఇగ గాలివాన వచ్చి, మీది నీళ్ళు చల్లబడి, రెండు పొరలు ఒక్కసారిగ కలిస్తే, ఆక్సిజన్ లేని ఆ నీళ్ళు మొత్తం మీదికి వస్తయి. ఒక్క రాత్రిల టన్నుల కొద్దీ చేపలు తేలిపోతయి. అందుకే పంజరాలకు లోతు, పారుడు ఉన్న చోటే చూడాలని శాస్త్రజ్ఞులు మొత్తుకునేది.

ఒక ముచ్చట గట్టిగ గుర్తుపెట్టుకోండ్రి. పంగస్ చేప అవసరమైతే మీదికి వచ్చి గాలి మింగి కూడ బతుకుతది. మన రాష్ట్ర చేప కొర్రమట్ట కూడ అట్లనే. అందుకే పంజరంల పంగస్ మంచిగున్నది గనుక నీళ్ళు మంచిగున్నయి అనుకోవద్దు. అదే నీళ్ళల్ల బొచ్చె, రవ్వ, జల్ల, వాలుగ ఎట్లున్నయో చూడాలె. పంజరం పక్కన వల వేసేటోళ్ళకు ఏం పడుతున్నదో అడగాలె. వాళ్ళ పుట్టిలో కనబడే చేపలే నీళ్ళ సంగతి సరిగ్గ చెప్తయి.

నీళ్ళు పాచిపడితే ఏమైతది అని మన జిల్లాల పిల్లలకు చెప్పే పనిలేదు. హైదరాబాదు మురుగు మోసుకొచ్చే మూసీ సూర్యాపేట దిక్కు సోలిపేట కాడి ప్రాజెక్టుల నిండి, గుర్రపుడెక్క అల్లుకొని, నురుగు కక్కే రోజులు మీరు చూసిన్రు. అండ్లకు వచ్చిన నత్రజని, భాస్వరం మనుషుల నుంచి. పంజరాలకింద వచ్చేవి చేపల నుంచి. పాచికి ఆ తేడా తెల్వది.

అందులోనూ కృష్ణ నీళ్ళు మనకు ఎంత కష్టంగ దక్కినయో మీరు మరిచిపోవద్దు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నారాయణపురం దిక్కు బోర్ల నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఉండి, తాగినోళ్ళ నడుములు వంగినయి, పళ్ళు పచ్చబారినయి, చిన్న పిల్లల కాళ్ళు వంకర పోయినయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని చెప్పే ఫ్లోరైడ్ ఆ బోర్లల్ల ఎన్నో రెట్లు ఉండేది. నాగపూర్‌ల ఉన్న జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970లల్ల పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారు చేసింది. దాన్ని ప్రపంచమంత నల్లగొండ పద్ధతి అనే పిలుస్తరు. మన కష్టం పేరు మీద మన జిల్లా పేరు పుస్తకాలల్లకు ఎక్కింది. ఇప్పుడు ఆ ఊర్లకు కృష్ణ నీళ్ళు నల్లాలల్ల వస్తున్నయి. సాగర్ వెనుక నీళ్ళను పుట్టంగండి కాడ ఎత్తి, అక్కంపల్లి జలాశయంల నింపి, కోదండాపూర్‌ల శుద్ధి చేసి హైదరాబాదుకు కూడ పంపుతున్నరు. ఈ నీళ్ళల్ల పాచి పెరిగితే శుద్ధికి క్లోరిన్ ఎక్కువ కావాలె, వడపోత పొరలు తొందరగ మూసుకపోతయి, నీళ్ళకు మట్టి వాసన పడతది. నీలి ఆకుపచ్చ పాచి కొన్ని రకాలు మైక్రోసిస్టిన్ అనే విషాన్ని కూడ వదులుతయి. అది కాలేయాన్ని దెబ్బతీస్తది, నీళ్ళు కాగపెట్టినా పోదు. అందుకే తాగునీటి జలాశయం అంటే నా మనసు ముందుగాల పంజరం వద్దనే చెప్తది. పెంచేటోళ్ళ మీద కోపంతోటి అనే మాట కాదు. ఈ నీళ్ళు లేక ఒక తరం నడుము వంగిపోవుడు నేను కళ్ళార చూసిన.

సాల్మన్ కథల ఇంకొక ఘట్టం పేన్లది. సముద్రపు పేను అనే చిన్న పురుగు సాల్మన్ చర్మాన్ని, రక్తాన్ని తిని బతుకుతది. అడవిల ఒక చేపకు కొన్నే ఉంటయి. ఒక్క పంజరంల వేల చేపలు ఒత్తుకొని ఉంటే పేనుకు పండుగే. దాని పిల్లలు వల కన్నుల్లోంచి బయటికి పోయి, ఏటి నుంచి అప్పుడే సముద్రానికి దిగిన అడవి సాల్మన్ పిల్లల మీద పడతయి. అంత చిన్న పిల్లకు పది పేన్లు పడితే అది బతకడం కష్టం. ఈ పేన్లను చంపడానికి మేతల కలిపే మందు పేరు వింటే మన పత్తి రైతు ఉలిక్కిపడతడు: ఇమామెక్టిన్ బెంజోయేట్. మిర్చి మీద, పత్తి మీద కాయ తొలిచే పురుగుకు కొట్టే మందే. సముద్రంల అది చేప మలంతోటి, మిగిలిన మేతతోటి అడుగుకు చేరి, పేనుకు చుట్టాలైన రొయ్యలకు, పీతలకు తగులుతది. ఇగ ఏండ్లు గడిచినకొద్దీ పేన్లు ఆ మందుకు లొంగకుండ అయినయి. గులాబీ రంగు పురుగు బీటీ పత్తిని ఎట్ల దాటిందో మన నల్లగొండ చేన్లల్ల చూసినోళ్ళకు దీన్ల ఆశ్చర్యం లేదు. ఒకే మందు ఒకే పురుగు మీద ఏండ్ల తరబడి వాడితే చావకుండ మిగిలిన పురుగుల సంతానమే నిండుతది.

మేలు జరిగిన సంగతి కూడ చెప్పాలె. 1987ల నార్వేల సాల్మన్‌కు వాడిన యాంటీబయాటిక్ మందులు సుమారు 50 టన్నులు. తర్వాత రోగాలకు టీకాలు కనుక్కొని, ఒక్కొక్క చేప పిల్లకు సూదితోటి టీకా వేయడం మొదలుపెట్టిన్రు. చేపల పెంపకం అప్పటికంటే ఎన్నో రెట్లు పెరిగినా ఇప్పుడు ఏడాదికి వాడే యాంటీబయాటిక్ ఒక టన్నుకు కూడ తక్కువనే. కావాలనుకుంటే మారొచ్చని దీంతోటి తెలుస్తున్నది. చిలీ దేశంల మాత్రం ఈ మందుల వాడకం ఇంకా చానా ఎక్కువ.

తప్పించుకునే చేపల ముచ్చట మన సియాటిల్ తెలుగోళ్ళు చెప్తరు. అక్కడికి ఉత్తరాన సైప్రెస్ దీవి కాడ 2017 ఆగస్టుల ఒక పెద్ద పంజరాల వరుస కూలిపోయింది. అండ్ల మూడు లక్షల పైచిలుకు అట్లాంటిక్ సాల్మన్ చేపలున్నయి. రెండు లక్షల నలభై వేలకు తక్కువ కాకుండ బయటపడ్డయి. పసిఫిక్ సముద్రంల ఆ జాతి పుట్టింది కాదు, అక్కడ వేరే సాల్మన్ జాతులున్నయి. లమ్మీ అనే ఆదివాసీ తెగ మత్స్యకారులు పడవలు వేసుకొని దొరికినన్ని పట్టుకున్నరు. కంపెనీ ముందుగాల సూర్యగ్రహణం నాటి ఆటుపోట్ల మీద నెపం పెట్టింది. ప్రభుత్వ విచారణల తేలింది వేరు. వలలకు ఆల్చిప్పలు, నాచు సుమారు 110 టన్నుల బరువు పట్టుకొని ఉన్నయి. శుభ్రం చేయలేదు. ఆ బరువుకు నీళ్ళ పారుడు తగిలి పంజరం వంగిపోయింది. 2018ల వాషింగ్టన్ రాష్ట్రం పరాయి జాతి చేపల పంజరాలను ఎత్తేసే చట్టం చేసింది. పక్కనే ఉన్న కెనడా బ్రిటిష్ కొలంబియాల సముద్రపు సాల్మన్ పంజరాలకు 2029 దాకనే గడువు ఇచ్చింది.

నార్వేల తప్పించుకున్న చేప ఆ జాతిదే కాబట్టి నష్టం ఇంకో తీరుగ ఉన్నది. పెంచిన చేపను తొందరగ పెరగడానికి ఏరి ఏరి జత కట్టించిన్రు. అది ఏటికి ఎక్కి అడవి చేపతోటి కలిస్తే పుట్టే పిల్లలు అడవిల బతికే తెలివి తక్కువైనవి. పరీక్ష చేసిన నార్వే నదులల్ల సగానికి పైగ నదుల అడవి చేపల్ల ఈ కలుపు కనబడ్డది. అడవి సాల్మన్ రాక తగ్గి 2024 వేసవిల ముప్పై పైచిలుకు నదులల్ల ఆ దేశం చేపవేటను ఆపేసింది. పంజరాలు ఒక్కటే కారణం కాదు, సముద్రం వేడెక్కడం కూడ ఉన్నది. గానీ పెద్ద కారణాలల్ల అవి ఉన్నయి.

మన కృష్ణల వరద వస్తే పంజరం నిలబడతదా? 2009 అక్టోబర్ గుర్తుందా? మీరు అప్పటికి పుట్టలేదేమో. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాక నీళ్ళు వచ్చినయి. అలంపూర్, కర్నూలు మునిగినయి. అసొంటి నీళ్ళల్ల వల, ఇనుప చట్రం ఏం ఆగుతయి? పారిపోయిన తిలాపియా ఊరికే ఉండదు. జిలేబి అని మనోళ్ళు పిలిచే ఆ చేప 1952లోనే మన దేశానికి వచ్చింది. ఏ నీళ్ళల్లైనా గుడ్లు పెడతది, గుడ్లను, పిల్లలను నోట్లనే కాపాడుకుంటది, ఉన్న చోటంత నిండుతది. బొచ్చె, రవ్వ పిల్లల మేత దగ్గర పోటీ పడతది. తిలాపియాకు వచ్చే టీఐఎల్‌వీ అనే వైరస్ జబ్బు 2018ల మన దేశంల కూడ బయటపడ్డది. పంజరంల ఒత్తుకొని ఉన్న చేపల్ల అసొంటి జబ్బు గడ్డిమంట తీరుగ అంటుకుంటది.

ఇప్పుడు సాల్మన్‌కు, మన బొచ్చెకు అసలు తేడా ఎక్కడున్నదో చెప్తా. సాల్మన్ మాంసాహారి. దాని మేత కోసం పెరూ తీరంల ఆంకోవెటా అనే చిన్న చేపలను పట్టి, పిండి చేసి, నూనె తీస్తరు. 1990 నాటికి నార్వే సాల్మన్ మేతల నూటికి తొంభై పాళ్ళు సముద్రం నుంచే వచ్చేవి. ఇప్పుడు మూడో వంతుకు కూడ తక్కువైనయి, మిగిలింది సోయా అసొంటి పంటల నుంచి. అది మంచి మార్పే, గానీ ఆ సోయా ఎక్కడి నేలల పండుతున్నదో చూడాలె. బొచ్చె అట్ల కాదు. నీళ్ళ మీది పొరల తేలే సూక్ష్మ జీవులను తింటది. రవ్వ నడుమ పొరల తింటది. మోసు అడుగున తింటది. మన చెరువుల పిల్లలు వదిలి, మేత వేయకుండ, వాన నీళ్ళు తెచ్చిన సారంతోటి అవే పెరుగుతయి. అసొంటి చేపను ఒక టన్ను పట్టి ఒడ్డుకు వేస్తే, నీళ్ళల్లోంచి ఇరవై అయిదు, ముప్పై కిలోల నత్రజని, నాలుగైదు కిలోల భాస్వరం బయటికి వచ్చినట్టు. అంటే భాస్వరం లెక్కన అర బస్తా డీఏపీ నీళ్ళల్లోంచి తీసినట్టు. పంజరం చేప టన్నుకు బస్తా పోస్తే, చెరువు చేప టన్నుకు అర బస్తా తీస్తది. నేను పిల్లలకు చెప్పాలనుకున్నది ఈ లెక్కనే. చేప అంటే చేపనే అని చూడకుండ, అది నీళ్ళల్ల పోసి పెంచిందా, నీళ్ళల్లోంచి తీసి పెంచిందా అని అడగాలె.

తెలంగాణల మిషన్ కాకతీయ లెక్క ప్రకారం చెరువులు, కుంటలు 46 వేలకు పైగ ఉన్నయి. 2016 నుంచి ప్రభుత్వం వీటిల ఉచితంగ చేప పిల్లలను వదులుతున్నది. మన బెస్తోళ్ళు, ముదిరాజ్‌లు, గంగపుత్రులు సొసైటీలుగ ఏర్పడి పడుతున్నరు. సాగర్ వెనుక నీళ్ళ మీద వైజాగ్ కాలనీ అనే ఊరే ఉన్నది, విశాఖ దిక్కు నుంచి వచ్చి స్థిరపడ్డ మత్స్యకారులది. జూరాల కట్ట కింద చేపల వేపుడు తినడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తరు. పంజరాలు పెడితే ఈ బతుకులకు దెబ్బ తగలకుండ చూడాలె. ఎందుకంటే పంజరానికి అనువైన గాలి తగలని మూలలే చానాసార్లు చేపలు గుడ్లు పెట్టే మూలలు, వల వేసే మూలలు. సోమశిల, కొల్లాపూర్ దిక్కు చిన్న కన్నుల అలివి వలలు పిల్ల చేపలను ఊడ్చుకపోతున్నయని మత్స్యకారులు ఇప్పటికే గోస పడుతున్నరు. ఒకటి మానిపించకుండ ఇంకోటి తెచ్చి పెట్టడం నాకు నచ్చదు.

పంజరం మొత్తానికే పనికిరాదని నేను అనను. ఎండకాలం కూడ లోతు తగ్గని చోట, తాగునీళ్ళకు దూరంగ, పంజరాలు కొన్నే పెట్టి, మేత గింజ గింజ లెక్కగట్టి వేస్తే, ఒక మత్స్యకారుల సొసైటీకి అది మంచి ఆదాయమే. ఆ లెక్క పుస్తకం సొసైటీ సభ్యులు ఎవరైనా అడిగి చూసేటట్టు ఉండాలె. రంగారెడ్డి జిల్లా కందుకూరు కాడ ఇంకొక దారి చూపిస్తున్నరు. సాల్మన్ కుటుంబానికే చెందిన రెయిన్‌బో ట్రౌట్‌ను ఒడ్డు మీద తొట్లల్ల, చల్లబరిచిన నీళ్ళల్ల, అవే నీళ్ళను మల్ల మల్ల వడగట్టుకుంట పెంచుతున్నరు. ఆ పద్ధతిల మలం వడపోతల చిక్కుతది, ఎరువుకు వాడుకోవచ్చు, చేప ఏటికి పారిపోదు. కరెంటు మాత్రం మస్తుగ కావాలె, మన ఎండలకు నీళ్ళు చల్లబరచడం చిన్న పని కాదు. ఆ ఖర్చు పెంచేటోడే భరిస్తడు, జలాశయం మీద పడదు. అందుకే దాని మీద నాకు ఆశ ఉన్నది.

మీరు బడిల చేయగలిగిన పని ఒకటి చెప్తా. ఇరవై సెంటీమీటర్ల అడ్డం ఉన్న గుండ్రటి రేకును నాలుగు భాగాలు చేసి, ఒక్కొక్కటి విడిచి నలుపు, తెలుపు రంగులు వేయండ్రి. నడుమ రంధ్రం చేసి తాడు కట్టి, కింద బరువు వేలాడదీయండ్రి. తాడుకు పది సెంటీమీటర్లకు ఒక ముడి వేయండ్రి. దీన్ని సెక్కి పలక అంటరు. ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కి 1865ల సముద్రంల ఇట్లనే తెల్లటి పలక దించి చూసిండు. తెల్లవారినంక కాదు, పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు చూడాలె. పుట్టి నడిపే మత్స్యకారుడు, మీ సారు తోడు ఉంటేనే, ఒంటికి లైఫ్ జాకెట్ ఉంటేనే నీళ్ళ మీదికి పోండ్రి. నీడ ఉన్న దిక్కు పలకను దించి, అది కనబడకుండ పోయే లోతు రాసుకోండ్రి. పాచి పెరిగితే ఆ లోతు తగ్గుతది. వాన తర్వాత మట్టి కలిసినా తగ్గుతది, అందుకే వాన పడ్డదా లేదా అనేది పక్కన రాయాలె. పంజరాలు వచ్చే ముందు రెండు మూడు ఏండ్ల లెక్క మీ పుస్తకంల ఉంటే, వచ్చినంక ఏం మారిందో మీరే చెప్పగలుగుతరు. ముఖ్యంగ మే నెల కాలమ్ ఖాళీగ పెట్టొద్దు, నీళ్ళు తక్కువ ఉన్నయని ఆ నెల ఎవ్వరూ కొలవరు.